చికిత్స జరిగిన కంటికి దెబ్బ తగిలినచో

కొన్ని సంవత్సరముల క్రిందట పలమనేరు ప్రాంతమునుండి ఒక అవ్వను ఆమె మనుమడు నా యొద్దకు తీసికొని వచ్చెను. మరియొక చోట ఆమె కుడికంటికి శుక్లము తీసి అప్పటికి పదునెనిమిది దినములైనది. చికిత్స చక్కగా జరిగినది. కట్టు విప్పిన నాడే గోడమీది గడియారములో ముల్లు కనబడినదని ఆమెయే చెప్పినది. ఇంటికి చేరిన తరువాత రెండు వారములు కోడలు చెప్పినట్లు విని ఒక మూల కూర్చున్నది. పదునాల్గవ నాటి తెల్లవారుజామున ఆవు అరచుచుండగా ఇక ఊరకుండలేక, చెంబు పట్టుకొని పాలు పితుక కూర్చున్నది. ప్రక్కన కట్టియున్న దూడ తల విదిలించినది. దాని నుదురు సరిగా ఆ కంటికే తగిలినది.

“పెద్ద దెబ్బేం కాదు నాయనా. దూడ తల ఇదిలించింది, అంతే” అని ఆమె నాతో అన్నది. దెబ్బ తగిలినప్పుడు కంటినుండి వెచ్చని నీరు జారినదట. ఆమె దానిని చన్నీళ్లతో కడిగి, రెండు చుక్కల ఆముదము వేసి, గుడ్డ బిగించి కట్టి, నాలుగు దినములు ఓర్చుకొన్నది. నేను చూచునప్పటికి పాత కోత నోరు తెరచియున్నది. కంటిపాప చుట్టునుండు నల్లని తెర ఆ సందునుండి వెలుపలికి వచ్చియున్నది. లోపల చీము చేరినది. ఆ కంటి చూపును మేము నిలుపలేకపోతిమి.

ఆ యేడు ఆ ఊరిలో మరి ముగ్గురు శుక్లమునకు చికిత్స చేయించుకొనుటకు పేర్లు వ్రాయించియుండిరి. ముగ్గురును మానుకొనిరి. ‘ఆపరేషను చేసిన కన్ను పోయింది’ అను మాటయే ఊరిలో నిలిచినది. దూడ పొడిచిన సంగతి వెనుకకు పోయినది. ఈ ప్రసంగము చేయవలెనని నాకు తోచుటకు ఆ అవ్వయే కారణము.

కంటి శస్త్రచికిత్సతో ముడిపడిన గాయములు రెండు విధములు. చికిత్స జరుగుచుండగా పొరపాటున కలుగునవి కొన్ని. చికిత్స సఫలమై ఇంటికి పోయిన పిదప, ఆ కోత పూర్తిగా బలపడక మునుపు తగులు దెబ్బలవలన కలుగునవి కొన్ని. మొదటివి మా చేతిలో ఉన్నవి, రెండవవి మీ చేతిలో ఉన్నవి అని చెప్పి తప్పించుకొనుట సులభము. అది నిజము కాదు. రెండింటిలోను ఇరువురికిని పాలు కలదు.

ముందు కన్నెంత చిన్నదో తలచుకొందము. ముందునుండి వెనుకకు దాని పొడవు సుమారు 24 మిల్లీమీటర్లు. నల్లగ్రుడ్డుమీది గాజువంటి పొరను కార్నియా అందురు. దాని మందము నడుమ అర మిల్లీమీటరునకు కొంచెము ఎక్కువ. లోపల కటకము ఒక తిత్తిలో ఉండును. శుక్లమనగా ఆ కటకము మసకబారుటయే. చికిత్సలో తిత్తి ముందరి భాగమును గుండ్రముగా తెరచి, మసకబారిన కటకమును తీసివేసి, మిగిలిన తిత్తిలో కృత్రిమ కటకమును ఉంచుదురు. ఆ తిత్తి వెనుక గోడ మందము, ఒక మిల్లీమీటరును రెండువందలయేబది భాగములు చేసినచో అందులో ఒక భాగమంత. దాని మీదనే వైద్యుని పరికరము కదలుచుండును.

ఈ భయము నేటిది కాదు. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రములో శుక్లమును శలాకతో తొలగించు విధానము వర్ణింపబడినది. కటకమును వెలికి తీయక, చూపుదారినుండి ప్రక్కకు నెట్టు పద్ధతి అది. చికిత్సానంతరము రోగి వెలికిల పరుండవలెననియు, దగ్గుట, తుమ్ముట, త్రేన్చుట, ఉమియుట, ఒడలు కదల్చుట మానవలెననియు ఆ గ్రంథము చెప్పుచున్నది. శలాక తప్పుచోట గ్రుచ్చినచో కలుగు ఉపద్రవములు కూడ అందున్నవి. చికిత్సను బోధించిన చోటనే దానివలన రాగల కీడును వ్రాసియుంచిన ఆ నిజాయితీ నాకు మిక్కిలి నచ్చును.

కాలక్రమమున ఆ విద్య శిక్షణ లేని సంచారవైద్యుల చేతిలో పడినది. వారు సంతలలోను ఇండ్ల అరుగులమీదను శుక్లములు గ్రుచ్చి, కట్టు కట్టి, రొక్కము పుచ్చుకొని, కట్టు విప్పు దినమునకు వేరొక ఊరిలో ఉండెడివారు. 1819లో ఏర్పడిన మద్రాసు కంటి ఆస్పత్రికి ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో రాబర్ట్ హెన్రీ ఎలియట్ అను వైద్యుడు అధికారిగా ఉండెను. ఇట్లు చెడిన కన్నులను వందలకొలది పరిశీలించి, 1917లో లండను నగరమున రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్సులో ఆ విషయముపై ఉపన్యసించెను. కటకమును ప్రక్కకు నెట్టుటకు మారుగా వెలికి తీయు పద్ధతిని ఫ్రాన్సు దేశస్థుడు జాక్ దావియెల్ అంతకు చాల మునుపే, 1747లో, ఆరంభించియుండెను.

అయితే వెలికి తీయవలెనన్న కోయవలెను గదా! మొన్న మొన్నటివరకు ఆ కోత పొడవు పది పండ్రెండు మిల్లీమీటర్లు. అనగా కార్నియా చుట్టుకొలతలో ఇంచుమించు మూడవవంతు. దానిని వెండ్రుకకంటె సన్నని దారముతో కుట్టెడివారు. మన తాతలు శుక్లము తీయించుకొని తలకు ఇరుప్రక్కల ఇసుకమూటలు పెట్టుకొని దినముల తరబడి కదలక పరుండినది ఇందుకే. 1967లో అమెరికాలో చార్లెస్ కెల్మన్ ధ్వనితరంగములతో కటకమును లోపలనే నలిపి పీల్చివేయు పద్ధతిని కనిపెట్టిన తరువాత కోత క్రమముగా చిన్నదై, నేడు రెండు మూడు మిల్లీమీటర్లకు దిగినది. మన ప్రాంతపు శిబిరములవారికి ఎక్కువగా చేయు కుట్లు లేని పద్ధతిలో అది ఆరు ఏడు మిల్లీమీటర్లు ఉండి, సొరంగమువలె ఏటవాలుగా పోయి, లోపలి ఒత్తిడికి తనంతట తానే మూసికొనును. మూసికొనుట వేరు, అతుకుకొనుట వేరు. కార్నియాలో రక్తనాళములు లేవు. అందువలన చేతిమీది కోతవలె అది వారములో మానదు. పైకి నున్నగా కనబడినను లోపల బలము చేరుటకు వారములు, నెలలు పట్టును. మునుపటి బలము పూర్తిగా ఎన్నటికిని రాదు. కోత ఎంత పెద్దదైన, దెబ్బకు తెరచుకొను అపాయము అంత ఎక్కువ.

ఇక చికిత్స బల్లమీది సంగతులు. మత్తుమందును సూదితో కంటివెనుకకు ఎక్కించునప్పుడు, బహు అరుదుగా, సూదిమొన కనుగ్రుడ్డును తాకి గ్రుచ్చవచ్చును. చిన్నతనమునుండి దట్టమైన హ్రస్వదృష్టి అద్దములు పెట్టుకొనువారి కన్ను మామూలుకంటె పొడవుగాను దాని గోడ పలుచగాను ఉండుటచే వారికి ఈ అపాయము హెచ్చు. అందుకే కంటి పొడవు ముందుగా కొలిచి చూతురు. కొందరికి సూదియే లేకుండ మత్తుచుక్కలతో సరిపెట్టుదురు. తిత్తి వెనుకగోడ చిరుగుట మరియొకటి. అనుభవజ్ఞుల చేతిలో కూడ నూటికి ఒకటి రెండు కన్నులలో ఇది జరుగును. వెంటనే గుర్తించి సరిదిద్దినచో చాలమందికి మంచి చూపే వచ్చును. కటకపు ముక్క వెనుకకు జారిపోయినచో రెటీనా వైద్యునిచే రెండవ చికిత్స అవసరమగును.

వీనిలో కొన్నింటిని రోగి ఒక్క మాటతో నివారింపగలడు. దగ్గు ఉన్నదా? ఉబ్బసము ఉన్నదా? వెలికిల పరుండినచో ఆయాసము వచ్చునా? ముందే చెప్పవలెను. చెవుడు ఉన్నచో అదియు చెప్పవలెను. ‘కదలవద్దు’ అన్న మాట సగమే వినబడి, ఏమన్నారని తల త్రిప్పి అడిగిన పెద్దమనిషిని నేను చూచితిని. పురుషులు చెప్పుటకు సిగ్గుపడునది ఇంకొకటి కలదు. పెద్దవయసులో మూత్రము ధారగా వచ్చుటకు వాడు టామ్సులోసిన్ అను మాత్ర కంటిపాప చుట్టునున్న తెరను వదులు చేయును. చికిత్స నడుమ ఆ తెర గాలికి ఆడు గుడ్డవలె కదలి పరికరములకు చిక్కుకొనును. ఈ సంబంధము 2005లో వెల్లడియైనది. మాత్ర మానివేసినంత మాత్రమున ఆ గుణము పోదు, గాని ముందు తెలిసినచో వైద్యుడు తగిన ఏర్పాటుతో మొదలుపెట్టును. కంటికిని మూత్రమునకును ఏమి సంబంధమని దాచుకొనవలదు.

పొరపాటు జరిగినచో రోగికి చెప్పవలెనా? చెప్పవలెననియే నా అభిప్రాయము. తిత్తి చిరిగినది, అందుచేత కటకమును మరియొక విధముగా పెట్టితిమి, మీరు మరికొన్నిసార్లు వచ్చి చూపించుకొనవలెను అని ఆ పూటనే చెప్పిన వైద్యునిపై ఎవరును కోపించుట నేను ఎక్కువగా చూడలేదు. మూడు నెలల తరువాత వేరొకరివలన తెలిసినప్పుడే కోపము వచ్చును.

ఇంటికి పోయిన తరువాతి సంగతికి వత్తము. మన చిత్తూరు, తిరుపతి సీమలో కంటికి దెబ్బలు తగులుటకు కారణములు వెదకనక్కరలేదు. ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల సర్వేలో, 1996 మొదలు 2000 వరకు, గ్రామములలో పరిశీలింపబడినవారిలో నూటికి ఏడుగురికిపైగా ఎప్పుడో ఒకప్పుడు కంటికి దెబ్బ తగిలినదని తేలినది. పుల్లలు, ఆకులు, ముండ్లు ఆ కారణములలో ముందున్నవి. మన చెరకుతోటలో ఆకు అంచు రంపమువంటిది. మదనపల్లి వైపు టమాట మొక్కలకు పాతు కట్టెల కొనలు సరిగా వంగిన మనిషి కంటి యెత్తున నుండును. మామిడికాయలు కోయునప్పుడు పైకి చూడవలెను, పుల్లలు క్రిందికి రాలును. గానుగ యొద్ద పొయ్యిలో చెరకుపిప్పి ఎగదోయునప్పుడు నిప్పురవ్వలు లేచును. ఆవుతోక సంగతి పాలు పితుకువారికి చెప్పనక్కరలేదు. ఇవన్నియు మామూలు కంటికి గీత పెట్టి విడిచిపెట్టవచ్చును. కొత్తగా కోసిన కంటికి ఇవే ప్రాణాంతకములు.

కాని వృద్ధులలో కోత తెరచుకొనుటకు తరచు కారణము పొలము కాదు, ఇల్లే. రాత్రి లేచి చీకటిలో దొడ్డివైపు పోవుచు గడప తట్టుకొని పడుట. ఒక కంటికి మూత ఉన్నప్పుడు మెట్టు ఎంత లోతో తెలియదు. అందుచే మొదటి పది పదునైదు రాత్రులు ఒక దీపము వెలుగుచుండవలెను, ఒకరు తోడుండవలెను. ఒడిలోని మనుమరాలు తాత కొత్త నల్లద్దములు లాగుకొనబోయి వ్రేలు కంటిలో పొడుచుట నేను ఒకటికంటె ఎక్కువసార్లు చూచితిని. చుక్కలమందు సీసా మొనతో తమ కంటిని తామే పొడుచుకొనువారు ఇంకను ఎక్కువ. చుక్కలు వేయుపని చేయి వణకని వారికి అప్పగింపుడు. పగలు అద్దములు, రాత్రి రంధ్రములు గల ప్లాస్టిక్ మూత, వైద్యుడు చెప్పినన్నాళ్లు విడువరాదు. నిద్రలో చేయి ఎక్కడికి పోవునో ఎవరికి తెలియును?

తిరుమల సంగతి చెప్పకపోయినచో ఈ ప్రాంతములో ఈ ప్రసంగము అసంపూర్ణమగును. చూపు వచ్చినచో నడచి కొండకు వచ్చి తలనీలాలు ఇచ్చెదనని మ్రొక్కుకొనువారు చాలమంది. కట్టు విప్పిన వారములోనే అలిపిరిలో మెట్లు మొదలుపెట్టుదురు. తొమ్మిది కిలోమీటర్ల దారి. పైన క్షౌరము, తడితలనుండి కంటిలోనికి జారు నీరు, వెండ్రుకలు, పుష్కరిణిలో మునక, వరుసలో మోచేతుల త్రోపులాట. వీనిలో ఏ ఒక్కటియు ఆ కంటికి హితము కాదు. నా యొద్దకు వచ్చువారితో నేను, కనీసము ఆరు వారములు, పెద్ద కోత అయినచో ఇంకను ఎక్కువ ఆగి, మరల ఒకసారి చూపించుకొని పొండు అని చెప్పుదును. వేంకటేశ్వరస్వామి మ్రొక్కు విషయములో తొందరపెట్టినట్లు ఎవరును చెప్పగా వినలేదు. చంద్రగిరి దగ్గర రంగంపేటలో కనుమనాటి పశువుల పండుగను సయితము ఆ యేటికి మిద్దెమీదనుండి చూచుట మేలు.

కార్నియా మార్పిడి చేయించుకొన్నవారికి జాగ్రత్త వారములతో తీరదు. తన కన్ను పెరికి శివునికి పెట్టిన కన్నప్ప శ్రీకాళహస్తివాడే గనుక, కన్నుకు కన్ను ఇచ్చు కథ మన ప్రాంతములో పసిబిడ్డలకును తెలియును. మనుష్యునికి మనుష్యుని కార్నియా పెట్టి తొలిసారి సఫలుడైనవాడు ఎడ్వర్డ్ త్సిర్మ్. నేటి చెక్ దేశములోని ఓలొమోత్స్‌లో 1905లో ఆ చికిత్స జరిగినది. తీసికొన్నవాడు సున్నము పడి కన్నులు కాలిన కూలి. కార్నియా వచ్చినది ఇనుపరవ్వలు తగిలి కన్ను పోయిన పదునొకండేండ్ల బాలునినుండి. రెండును ప్రమాదములే. అట్లు కుట్టిన కార్నియా అంచు ఏండ్లు గడచినను గట్టి దెబ్బకు విచ్చిపోవచ్చును. పది సంవత్సరముల తరువాత బంతి తగిలి తెరచుకొన్న కన్నులు కలవు. వారు ఆటలోను పొలములోను జీవితాంతము గట్టి అద్దములు ధరింపవలెను. కండ్లద్దములు వలదని లేసరు చికిత్స చేయించుకొను యువకులును కబడ్డీ ఆడుటకు ముందు తమ వైద్యుని అడుగవలెను. ఆ చికిత్సలో ఎత్తి మరల కప్పిన పలుచని పొర దెబ్బకు జరుగుట కలదు.

ప్రమాదమునుండి మంచి పుట్టిన ఉదాహరణ ఒకటి ఇచ్చట జ్ఞప్తికి వచ్చుచున్నది. రెండవ ప్రపంచయుద్ధములో విమానపు కిటికీ పగిలి దాని ప్లాస్టిక్ ముక్కలు కన్నులలో చొచ్చిన వైమానికులను లండనులో హెరాల్డ్ రిడ్లీ చూచెను. ఆ ముక్కలు ఏండ్లతరబడి కన్నులో ఉన్నను వాపు పుట్టింపలేదు. అదే జాతి పదార్థముతో కటకము చేయించి 1949 నవంబరులో తొలిసారి మనుష్యుని కంటిలో ఉంచెను. నేడు మన అవ్వల కన్నులలోని కటకములు ఆ గాయములనుండి పుట్టినవే.

దెబ్బ తగిలినచో ఏమి చేయవలెను? చికిత్స జరిగిన కంటికి దెబ్బ తగిలి వెచ్చని నీరు జారినను, చూపు తగ్గినను, నొప్పి పుట్టినను, గుండ్రని కంటిపాప నీటిచుక్కవలె ఒక ప్రక్కకు సాగినను, కోత దగ్గర నల్లని చుక్క కనబడినను, కన్ను తెరచుకొన్నదనియే భావింపవలెను. కడుగవలదు. తుడువవలదు. ఒత్తవలదు. ఆముదము, చనుబాలు, ఆకుపసరు, మునుపటి చుక్కలమందు సయితము వేయవలదు. గుడ్డ బిగించి కట్టుట అన్నింటికంటె చెడ్డది. ఆ బిగువుకు లోపలిది వెలుపలికి వచ్చును. ఆస్పత్రివారిచ్చిన ప్లాస్టిక్ మూత ఉన్నచో అది, లేనిచో కాగితపు టీకప్పు అడుగుభాగము, కంటికి తగులకుండ చుట్టునున్న ఎముకపై ఆనునట్లు పెట్టి అంటింపుడు. తలయెత్తి కూర్చుండబెట్టి వెంటనే బయలుదేరుడు. మత్తు ఇవ్వవలసి రావచ్చును గనుక దారిలో ఏమియు తినిపింపక, త్రాగింపక తీసికొని రండు. చికిత్స చీటీ మరువకుడు. కడుగవలదనుటకు ఒక్క మినహాయింపు కలదు. తాంబూలపు సున్నమో, పురుగులమందో కంటిలో పడినచో ఆ క్షణముననే, ఒత్తకుండ, మంచినీరు ధారగా పోయుచు కడిగి ఆ తరువాతనే బయలుదేరవలెను.

ఎక్కడికి? ఒకప్పుడు ఈ ప్రశ్నకు జవాబు వేలూరో, మద్రాసో. 1902లో వెలసిన మేరీ టేబర్ షెల్ ఆస్పత్రి తరువాత కంటి ఆస్పత్రియై చిత్తూరు పల్లెలవారిని ఎందరినో చేర్చుకొన్నది. తిరుపతిలో 1960లో శ్రీవేంకటేశ్వర వైద్యకళాశాల, 2019లో అరవింద కంటి ఆస్పత్రి వచ్చినవి. దూరము తగ్గినది. నాలుగు దినములు ఓర్చుకొను అలవాటు ఇంకను తగ్గవలసియున్నది. మొదటి దినముననే వచ్చిన తెరచిన కన్నును కుట్టి చూపు నిలిపిన సందర్భములు మాకు కలవు.

మొదట చెప్పిన అవ్వను నేను ఒక మాట అడిగితిని: పశువుల దగ్గరకు పోవలదని నీకెవరును చెప్పలేదా? ఆమె మనుమడు జేబులోనుండి ఆస్పత్రి చీటీ తీసి చూపెను. అందు అన్నియు ఉన్నవి, ఇంగ్లీషులో. తెలుగు, తమిళము, కన్నడము ఈ మూడింటిలో ఏదో ఒకటి ప్రతి యింట వినబడు ఈ సరిహద్దు సీమలో ఆ చీటీ ఆమెకెట్లు పనికివచ్చును? ఆ తప్పు అవ్వది కాదు, మా వైద్యులది. నేను వ్రాసి యిచ్చు చీటీలు సయితము అప్పటివరకు అట్టివే. ఇంటికి పంపునప్పుడు ఎదుట కూర్చుండబెట్టుకొని, ఆమె మాటలలోనే చెప్పి, ఆమెచే మరల చెప్పించుకొనుటకు అయిదు నిమిషములు చాలును. ఆ అయిదు నిమిషములు ఇవ్వని వైద్యుని మీరు అడుగుడు. అడుగుట తప్పు కాదు.

ఏడాది తరువాత ఆమె ఎడమకంటి చికిత్సకు తానే వచ్చినది. ఊరివారు వలదన్నను వచ్చినది. ఈ మారు ఇంటికి పోవునాడు మనుమడు నన్ను తేదీ అడిగి తెలిసికొని, దానిని బొగ్గుతో పశువులకొట్టము గోడమీద పెద్ద అక్షరములతో వ్రాసెనట. ఆ తేదీ వరకు ఆవును కోడలే పితికినది.